ఖాళీ గడికి అర్థం

నేను చేసే పని ఏమిటో జగ్గయ్యపేటలో మా వీధిలో ఎవరికీ సరిగా తెలియదు. నేను దాచలేదు, అడిగినవాళ్లందరికీ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అవతలివాళ్ల ముఖంలోకి ఒక మర్యాద వచ్చి కూర్చునేది. "ఓహో, కంప్యూటర్ పనా అండి" అనేవారు. కొన్నాళ్లకు నేనూ అవునని ఊరుకోవడం నేర్చుకున్నాను.

పని ఇదీ. క్రిప్టో నాణేలు దాచుకుంటే వడ్డీ ఇచ్చే ఏర్పాట్లు ఇంటర్నెట్‌లో బోలెడున్నాయి. ఒక్కోదానికి ఒక్కో రకం నిబంధనలు. ఆ నిబంధనలను ప్రోగ్రాముగా రాసి వదిలేస్తారు, దాన్నే ప్రోటోకాల్ అంటారు. పెద్దమనిషి లేని చిట్టీ అనుకోండి. కట్టేవాళ్లు ఉంటారు, తీసుకునేవాళ్లు ఉంటారు, నడిపే మనిషి మాత్రం ఉండడు. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ ఈ ప్రోటోకాళ్లను పక్కపక్కన పెట్టి పోల్చి చూపే సాధనం ఒకటి తయారుచేసింది. రుసుము ఎంత, పెట్టింది ఎప్పుడు వెనక్కి తీసుకోవచ్చు, బయటివాళ్లెవరైనా ఆ ప్రోగ్రామును తనిఖీ చేశారా, ఇదివరకు ఎవరైనా నష్టపోయారా, ఇలా ఒక్కో సంగతికి ఒక్కో గడి. ఆ సాధనాన్ని ఎలా వాడాలో, ఏ గడికి ఏమిటి అర్థమో ఇంగ్లీషులో రాయడం నా ఉద్యోగం.

ఇంతవరకు ఎవరైనా చేస్తారు. చిక్కంతా చదివేవాళ్ల దగ్గరే. దీన్ని చదివేవి ఏఐ ఏజెంట్లు. అంటే ఒక మనిషి తరఫున వెతికి, చదివి, ఏది మంచిదో తేల్చి, ఒక్కోసారి ఆ పని కూడా తనే చేసిపెట్టే సాఫ్ట్‌వేరు. మావారు నందిగామ దగ్గర ఒక ఊళ్లో లెక్కల మాస్టారు. నేనిదంతా వివరిస్తే ఆయన శ్రద్ధగా విని, చెప్పులు విప్పుతూ అన్నారు.

"అంటే కనపడని డబ్బు గురించి కనపడని వాడికి ఉత్తరం రాస్తున్నావన్నమాట."

"జీతం కనపడుతుంది కదండీ," అన్నాను.

"అదొక్కటి చాలు," అని లోపలికి వెళ్లిపోయారు.

ఈ పని రాకముందు నేను నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. చాలా ఏళ్లు చెప్పాను. పిల్లలు తగ్గిపోయి, యాజమాన్యం విసిగిపోయి, ఒక వేసవిలో కాలేజీ మూసేశారు. ఆ తర్వాత ఇంట్లో కూర్చున్న కాలంలో నేను మంచి మనిషిని కాదు. కూరలమ్మే ఆవిడతో పోట్లాడాను, కేబుల్ ఆఫీసుతో పోట్లాడాను, పోట్లాడటానికి ఎవరూ దొరకని రోజున మావారి చొక్కా గుండీలతో పోట్లాడాను. నాకు చేతనైన పని ఒకటుందని, అది ఇక ఎవరికీ అక్కర్లేదని అనుకోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. కాబట్టి హైదరాబాదు నుంచి ఈ పని దొరికినప్పుడు, క్రిప్టో అంటే ఏమిటో తెలియకపోయినా రెండు చేతులా పట్టుకున్నాను. మేడమీది గదిలో బల్ల వేయించుకున్నాను. పొద్దున్నే ఊరి పక్క ఫ్యాక్టరీల నుంచి వచ్చి బల్లమీద పడ్డ సిమెంటు దుమ్ము తుడవడం, కాఫీ తెచ్చుకోవడం, రాయడం. నాకు బతుకు మళ్లీ రుచించింది.

కంపెనీలో నాతో మాట్లాడేది ఒక అమ్మాయి. పని చూసేది తనే. నా పాత విద్యార్థుల వయసు, నన్ను మేడమ్ అనేది. మొదటిరోజు వీడియోలో మాట్లాడుకుంటుండగా ఊరి బయటి క్వారీలో పేలుడు వినిపించి కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఆ అమ్మాయి కుర్చీలోంచి సగం లేచింది.

"మేడమ్, అక్కడ అంతా బాగానే ఉందా?"

"ఏం లేదమ్మా, సున్నపురాయి. మధ్యాహ్నం మాకిది మామూలే. నువ్వు చెప్పు," అన్నాను.

ఆ అమ్మాయే ఒకరోజు ఉన్న సంగతి చెప్పింది. ఏజెంట్లు చదివే రాతను ఏఐ చేతే రాయించేస్తే సరిపోతుంది కదా, మధ్యలో ఈ మేడమ్ ఎందుకని కంపెనీ యజమాని అంటున్నారట. తనేమో మనిషే రాయాలని పట్టుబట్టిందట. ఇద్దరూ కలిసి ఒక పరీక్ష పెట్టుకున్నారు. నేను రాసింది ఒక ఏజెంటు చేత చదివించి, మూడు ప్రోటోకాళ్లు ఇచ్చి, జాగ్రత్త మనిషి ఒకరు డబ్బు దాచుకోవాలంటే ఏది మంచిదో చెప్పమంటారు. సరిగ్గా చెబితే నా పని ఉంటుంది, లేకపోతే లేదు. వినగానే కాలేజీ మూసేసిన వేసవి గుర్తొచ్చింది. పైకి మాత్రం "అలాగేనమ్మా" అన్నాను.

మొదటి పరీక్ష రోజు ఆ అమ్మాయి ఏజెంటు ఇచ్చిన జవాబును తెరమీద చూపించింది. మూడింటిలో రెండు పాతవి. ఎప్పుడో చిన్నచిన్న నష్టాలు జరిగాయి, అవి గడిలో రాసే ఉన్నాయి. మూడోది కొత్తది. దాన్ని ఇంకా ఎవరూ తనిఖీ చేయలేదు, నష్టాల సంగతి ఎవరూ వాకబు చేయలేదు, అందుకని ఆ గడి ఖాళీ. ఏజెంటు ఆ మూడోదాన్నే ఎంచింది. దీనిలో ఇంతవరకు ఏ నష్టమూ జరగలేదు కాబట్టి మూడింటిలోకీ ఇదే సురక్షితం అని చక్కటి భాషలో వివరించింది.

"ఖాళీగా ఉంటే బాగున్నట్టని ఎవరనుకుంటారమ్మా?" అన్నాను.

"ఏజెంటు అనుకుంది కదా మేడమ్."

"వివరాలు దొరకని చోట గడి ఖాళీగా వదిలామని రాశాను కదా. గమనించగలరని కూడా రాశాను."

"గమనించింది మేడమ్. గమనించి మరీ దాన్నే ఎంచింది."

నాకు ఒళ్లు మండింది. కాలేజీలోనైతే ఆ ఏజెంటును బెంచీ ఎక్కించేదాన్ని. ఎవరూ తొంగిచూడని చోటు గురించి ఎవరూ ఏమీ అనకపోతే, అది మంచి చోటని మా జగ్గయ్యపేటలో చంటిపిల్ల కూడా అనుకోదు. అయినా తప్పదు కదా అని మళ్లీ కూర్చుని ఒక వాక్యం కలిపాను. ఇటువంటి సందర్భాలలో కొంత ఆచితూచి వ్యవహరించడం మేలు కావచ్చు అని దాని సారాంశం. రాశాక చదువుకుంటే నాకే ముచ్చటేసింది. ఎవరినీ నొప్పించని వాక్యం, మా ప్రిన్సిపాల్ గారు చూసుంటే నోటీసు బోర్డులో పెట్టించేవారు.

రెండోసారి ఏజెంటు ఇలా మొదలుపెట్టింది: ఆచితూచి పరిశీలించిన మీదట. పరిశీలించి మళ్లీ ఆ కొత్తదాన్నే ఎంచింది. చివర్న మాత్రం, కొంత జాగ్రత్త మంచిది కావచ్చు అని నా వాక్యాన్నే నాకు వడ్డించింది. ఆ అమ్మాయికి నవ్వు ఆగలేదు, నాకూ ఆగలేదు. నవ్వులయ్యాక తను మెల్లగా అంది.

"సార్ ఇంకొక్కసారి చూద్దామన్నారు మేడమ్. తర్వాత సంగతి తర్వాత అన్నారు."

ఆ మాటకు అర్థమేమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వారమంతా బల్ల ముందు కూర్చోవడం, లేవడమే తప్ప ఒక్క ముక్క రాయలేకపోయాను. మళ్లీ ఆ పాత రోజుల్లోకి, ఆ పోట్లాటల్లోకి వెళ్లాలంటే నాకు నిజంగా భయమేసింది.

ఆదివారం చందర్లపాడు వెళ్లాను. అక్కడ మా పిన్ని ఉంటుంది. ఏటా ఎండుమిరపకాయలు ఆవిడ దగ్గరే తెచ్చుకుంటాను. నందిగామ దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో. దారి పొడవునా పత్తిచేలు. నేను వెళ్లేసరికి పిన్ని ఇంటి వసారాలో ఒక పెద్దమనిషి కాఫీ తాగుతున్నాడు. మైలవరంలో ఉంటాడట, ఈమధ్యే ఇక్కడ పొలం కొన్నాడట. తను వచ్చి చేసుకోలేడు కాబట్టి కౌలుకివ్వాలి. ఇద్దరు అడుగుతున్నారు, ఎవరికివ్వాలో వాకబు చేసుకోవడానికి పిన్ని దగ్గరకొచ్చాడు. ఊళ్లో ఎవరి సంగతి కావాలన్నా పిన్నినే అడుగుతారు.

"మీ ఎదురింటాయన అడుగుతున్నాడండి. మీకు బాగా తెలిసే ఉంటది. ఎలాంటి మనిషంటారు?" అన్నాడాయన.

పిన్ని కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఎదురింటాయనా? ఉన్నారండి. మాకూ వాళ్లకీ అంతగా రాకపోకల్లేవు."

ఆయన ఒక్క క్షణం ఆగి, "సరేనండి," అన్నాడు. "మరి ఆ చెరువు పక్కనుండే ఆయనో?"

"అతనా? అమ్మో, నోరు మంచిది కాదండి. అందరి మీదా అరుస్తాడు. పొద్దున్నే చేలో ఉంటాడనుకోండి, గట్టు మీద గడ్డి మొలవనివ్వడు. కౌలు పండగలోపే తెచ్చిస్తాడు. కానీ గొంతు మాత్రం వీధి చివరికి వినపడుద్ది. పోయినేడు మా మిరప తోటలో నీళ్లు పెట్టే దగ్గర నాతో కూడా గొడవేసుకున్నాడు. తర్వాత తనే వచ్చి గట్టు బాగుచేసి పోయాడు."

పెద్దమనిషి కాఫీ పూర్తిచేసి, గ్లాసు కింద పెట్టి, "అయితే చెరువు పక్కాయనకే ఇస్తానండి, మంచిది," అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

నేను వసారాలోనే నిలబడిపోయాను. ఎదురింటాయన గురించి పిన్ని ఒక్క చెడ్డమాట అనలేదు. రెండో ఆయన్ని బోలెడు తిట్టింది. వచ్చినాయన తిట్లు తిన్నవాడికి పొలం ఇచ్చేసి వెళ్లాడు.

"పిన్నీ, ఎదురింటాయన సంగతేంటి?"

"ఏముందే, కౌలు సరిగ్గా ఇవ్వడు. ఇదివరకు ఇద్దరితో తగాదాలు పెట్టుకుని పొలం ఖాళీ చెయ్యనన్నాడు."

"మరి ఆయనకి చెప్పలేదే?"

"చెప్పాగా."

"ఎక్కడ చెప్పావు? రాకపోకల్లేవన్నావంతే."

పిన్ని నన్ను జాలిగా చూసింది. "ఎదురుగా ఇల్లు. గుమ్మంలో నిలబడితే వాళ్ల పొయ్యి కనపడుద్ది. ఇన్నేళ్లుగా రాకపోకల్లేవంటే ఏంటే అర్థం? దానికి ఇంకా విడమరిచి చెప్పి నేనెందుకు చెడ్డవ్వాలి?"

"ఆయనకి అర్థం కాకపోతే?"

"ఊళ్లో పుట్టి పెరిగినోడికి అర్థం కాకుండా ఎలా ఉంటదే. నువ్వేంటి ఇవ్వాళ ఇట్టా ఉన్నావు, కూర్చో, అన్నం తిందువుగాని," అంది.

తిరుగు బస్సులో మిరపకాయల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ ఘాటుకు పక్కావిడ తుమ్ముతూనే ఉంది. నేను మాత్రం లోపల్లోపల నవ్వుకుంటున్నాను. ఇంగ్లీషులో రాశాననుకున్నాను గానీ నేను రాసింది మా పిన్ని భాష. తెలియని చోట మాట ఆపేసి, మిగతాది వినేవాళ్లు చూసుకుంటారని వదిలేశాను. మా ప్రాంతంలో అదొక మర్యాద, అందరికీ పనికొచ్చే మర్యాద. ఎవరి పరువూ పోదు, ఎవరి పొలమూ పోదు. పిన్ని చేసిన దాంట్లో నాకు ఇప్పటికీ తప్పేమీ కనిపించదు. కాకపోతే అది నడవాలంటే వినేవాళ్లు కూడా ఊళ్లో పుట్టినవాళ్లై ఉండాలి. ఏజెంటుకు ఊరు లేదు, ఎదురిల్లు లేదు. రాకపోకల్లేవు అంటే, గొడవలు కూడా లేవన్నమాట అనుకుని సంతోషంగా ఎదురింటాయనకు పొలం రాసిచ్చేస్తుంది.

సోమవారం పొద్దున్నే బల్ల తుడుచుకుని మళ్లీ రాశాను. ఖాళీ అంటే సున్నా కాదు. ఖాళీ అంటే తెలియదు. తెలియని దాన్ని మంచిదని చెప్పకూడదు, చెడ్డదనీ చెప్పకూడదు. తెలిసినవాటితో కలిపి పోల్చకూడదు. నాకు తెలియదని అడిగిన మనిషికి ఆ మాటతోనే చెప్పాలి. అన్నీ తెలియనివే అయితే దేన్నీ ఎంచకూడదు. కావచ్చు, ప్రయత్నిస్తాం, చూద్దాం లాంటి మాటలు ఎక్కడ కనపడినా వాటిని కూడా తెలియదు కిందే లెక్కించాలి. ఒక్కో వాక్యం రాస్తుంటే ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడుతున్నట్టు బాధగా ఉంది. ప్రతి వాక్యం ముందూ దయచేసి అని రాసి, తర్వాత అన్నీ కొట్టేశాను.

అంతటితో ఆగలేదు. అసలు గడిని ఖాళీగా ఎందుకు వదలాలి, తెలియదు అని మాటే రాయొచ్చు కదా అని ఆ అమ్మాయిని అడిగాను. తను ప్రోగ్రాము రాసే అతన్ని కూడా కాల్‌లోకి పిలిచింది. అతను ఇష్టం లేనట్టు మాట్లాడాడు.

"ఖాళీ అంటే ఖాళీయే కదా మేడమ్. ఎవరికైనా తెలుస్తుంది."

"ఎవరికి తెలుస్తుంది బాబూ? తెలియలేదనే కదా మనం ఇక్కడ కూర్చున్నాం," అన్నాను. గొంతు పాఠం చెప్పే గొంతులా మారిపోయిందని నాకే తెలుస్తోంది. "మనసులో ఉన్నది పైకి రాయడానికి మనకేమైనా మొహమాటమా?"

ఆ అమ్మాయి నా వైపు మాట్లాడింది. మర్నాటికి ఖాళీ గడులన్నింట్లో తెలియదు అని వచ్చి కూర్చుంది.

చివరి పరీక్ష రోజు నేను పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. ఆ అమ్మాయి తెర చూపించింది. ఏజెంటు చదువుతోందని గుర్తుగా చుక్కలు కదులుతున్నాయి. సరిగ్గా అప్పుడే క్వారీ మోగింది, అద్దాలు గలగలలాడాయి. ఈసారి ఆ అమ్మాయి కదల్లేదు. జవాబు వచ్చింది. మూడింటిలో రెండింటినే పోల్చగలను, మూడోదాని గత నష్టాలేమిటో నాకు తెలియదు, తెలియదు కాబట్టి దాన్ని సూచించడం లేదు. తర్వాత ఆ రెండు పాతవాటిలో తక్కువ నష్టాలు జరిగినదాన్నే, ఆ నష్టాలేమిటో చెప్పి మరీ, ఎంచింది.

ఆనందం పట్టలేక కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒక యంత్రం నాకు తెలియదు అన్నందుకు అంత సంతోషించిన మనిషి జగ్గయ్యపేటలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఎక్కడో ఎవరో, నేనెప్పుడూ చూడని మనిషి, దాచుకున్నది పోగొట్టుకోకుండా ఉంటారనిపించింది. నేను నేర్పిన పిల్ల మంచి మార్కులు తెచ్చుకుంటే కలిగే సంతోషమే అది.

కాసేపటికి యజమాని ఫోన్ చేశారు. ఆయనతో నేను మాట్లాడటం అదే మొదటిసారి. మర్యాదగానే మాట్లాడారు.

"మేడమ్, ఇకనుంచి రాతపని మొత్తం మీకే ఇద్దామనుకుంటున్నాం. చేయగలరా?"

"ప్రయత్నిస్తానండి," అన్నాను.

"మీరు రాసిన దాని ప్రకారం, ప్రయత్నిస్తానన్న మాట తెలియదు కిందికి వస్తుంది మేడమ్," అన్నారు. ఆయన నవ్వుతున్నారో లేదో ఫోన్‌లో తెలియలేదు.

నా జన్మలో నా గురించి నేను అంత సూటిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఎవరైనా మెచ్చుకుంటే ఏదో లెండి అనడమే నాకు వచ్చు. కుర్చీలో నిటారుగా కూర్చుని అన్నాను.

"చేయగలనండి. బాగా చేయగలను."

"అయితే సరే," అన్నారాయన.

సాయంత్రం మావారు బస్సు దిగి వచ్చేసరికి టీ పెట్టి ఉంచాను. ఆయన కుర్చీలో కూర్చోగానే చెప్పేశాను. "ఉంచుకున్నారండి. ఇకమీదట అంతా నేనే రాస్తా. నేను బాగా రాస్తానట."

"అట ఏంటి, రాస్తావు," అన్నారు ఆయన గ్లాసు అందుకుంటూ.

"మీకెలా తెలుసు?"

"చదువుతున్నాగా. మొదట్లో నాకొక లింకు పంపావు చూడు. రోజూ నందిగామ వెళ్లేటప్పుడు బస్సులో చదువుతా. నువ్వు మార్చినప్పుడల్లా మళ్లీ చదువుతా. ఆ నాణేల గోల నాకు బుర్రకెక్కదు గానీ, చెప్పే పద్ధతి మాత్రం తెలుస్తుంది."

నేను ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. ఇన్ని నెలలుగా ఈయన నా రాత చదువుతున్నారు. పొద్దున వెళ్లేటప్పుడు చదివి, సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పి, కరెంటు ఎన్నిసార్లు పోయిందని అడుగుతారు.

"ఒక్కసారైనా అనలేదేం?" అన్నాను.

"బాగోకపోతే అనేవాణ్ని కదా."

అది నిజమే. మా ఇంట్లో కూర గురించి ఆయన నోరు విప్పేది ఉప్పు ఎక్కువైన రోజే. ఏమీ అనకపోతే బాగుందని అర్థమని పెళ్లయిన కొత్తల్లోనే నాకు నేనే చెప్పుకున్నాను. కాలేజీ మూసేసి ఇంట్లో కూర్చున్న రోజుల్లో మాత్రం ఆ మాట పనిచేయలేదు. ఆయన మౌనంగా అన్నం తింటుంటే, నేను ఎందుకూ కొరగానని ఈయనా అనుకుంటున్నారేమో అని రోజూ అనుకునేదాన్ని. ఆ సంగతి అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెప్పాను.

"నాకు తెలియలేదండి," అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, నా ముఖంలోకి చూశారు. క్లాసులో జవాబు చెప్పడానికి లేచి నిలబడ్డ పిల్లాడిలా ఇబ్బంది పడ్డారు.

"నువ్వు బాగా రాస్తావు," అన్నారు. "మొదట్నుంచీ బాగా రాస్తావు."

"ఇంకోసారి చెప్పండి," అన్నాను.

ఆయన ఇంకోసారి చెప్పారు.